వెడ్జ్ సలాడ్‌కు ఇంట్లో చేసుకునే డ్రెస్సింగులు: చిక్కదనం ఎక్కడ పోతుంది, ఎలా నిలుస్తుంది

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. స్టేక్‌హౌస్‌లో (కాల్చిన మాంసపు ముక్కలు వడ్డించే అమెరికన్ హోటల్‌లో) తిన్న వెడ్జ్ సలాడ్ మీద బ్లూ చీజ్ (నీలి బూజు చారలుండే ఘాటైన చీజ్) డ్రెస్సింగ్ గడ్డపెరుగులా నిలబడి ఉందని, మీరు ఇంట్లో చేసినది మాత్రం ఐదు నిమిషాలకే పళ్ళెం అడుక్కి జారిపోయి చుట్టూ నీళ్ళు ఊరాయని మొదట రాశారు. వచ్చే నెల డాలస్ వస్తున్న మీ అత్తగారూ మామగారూ గుడ్డు ముట్టరు కాబట్టి గుడ్డు లేకుండా అదే రుచి తీసుకురావడం కుదురుతుందా అని తరువాత అడిగారు. విజయవాడలో ఉన్న మీ చెల్లెలికి అక్కడి సరుకులతో ఇది సాధ్యమేనా అని చివర్లో అడిగారు. నేను షికాగోలోని ఒక స్టేక్‌హౌస్ వంటగదిలో 11 ఏళ్ళు సలాడ్ల బల్ల దగ్గర పనిచేశాను. శనివారం రాత్రి ఒక్క పూటలోనే వందకు పైగా వెడ్జ్ పళ్ళేలు నా చేతుల మీదుగా వెళ్ళేవి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ గిన్నెలోకి మీకు తెలియకుండా నీరు చేరింది. అది ఎక్కడెక్కడి నుంచి చేరుతుందో తెలుసుకుని అక్కడక్కడే ఆపగలిగితే మిగిలిన పనంతా సులువు.

మామూలు సలాడ్‌లో ఆకులను తుంచి, డ్రెస్సింగ్ పోసి, అన్నిటికీ పట్టేలా కలుపుతాం కాబట్టి డ్రెస్సింగ్ పలుచగా ఉన్నా ఇబ్బంది లేదు. వెడ్జ్ సలాడ్ అలాంటిది కాదు. ఐస్‌బర్గ్ లెట్యూస్ గడ్డను మొదలుతో సహా నిలువునా నాలుగు చీలికలుగా కోసి, ఒక చీలికను పళ్ళెంలో ఆనించి, పైనుంచి డ్రెస్సింగ్ పోసి, దాని మీద వేయించిన బేకన్ (ఉప్పులో ఊరవేసిన పంది మాంసం) ముక్కలు, చిన్న టమాటాలు, చైవ్స్ (సన్నటి ఉల్లికాడల్లాంటి ఆకు) చల్లి, కత్తీ ఫోర్కూ ఇచ్చి తినమంటారు. అందువల్ల డ్రెస్సింగ్ ఏటవాలుగా ఉన్న ఆ కోత ముఖాల మీద పట్టుకుని ఉండాలి, మెల్లగా పొరల మధ్యకు దిగాలి, తినేవారు కోసిన ప్రతి ముక్కకూ కొంత అంటాలి. ఐస్‌బర్గ్‌లో దాదాపు 95 శాతం నీరే కాబట్టి ఆకుకు సొంత రుచి తక్కువ. ఉప్పు, పులుపు, కమ్మదనం మూడూ డ్రెస్సింగే మోయాలి. విడిగా నాలుక మీద వేసుకున్నప్పుడు ఒక పిసరు ఎక్కువ ఉప్పగా, ఎక్కువ పుల్లగా అనిపించినదే ఆకుతో కలిపి తిన్నప్పుడు సరిగ్గా సరిపోతుంది.

ఐస్‌బర్గ్‌లో రుచీ లేదు, సత్తువా లేదు అని తేలిగ్గా మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. బర్పీ అనే అమెరికన్ విత్తనాల సంస్థ 1894లో ఐస్‌బర్గ్ పేరుతో ఒక గట్టి లెట్యూస్ రకాన్ని అమ్మకానికి పెట్టింది. తరువాతి కాలంలో కాలిఫోర్నియాలోని సలినాస్ లోయలో ఈ జాతి లెట్యూస్‌ను విస్తారంగా పండించి, మంచుగడ్డలు నింపిన రైలు పెట్టెల్లో దేశం తూర్పు కొసదాకా పంపేవారు. అంత దూరం ప్రయాణించినా వాడిపోకుండా నిలిచిన ఆ బిగువే ఈ సలాడ్‌కు ఆధారం. పొడవాటి ఆకులుండే రొమెయిన్ లెట్యూస్‌ను ఇలా చీలికగా కోసి నిలబెట్టి చూడండి, ఆకులు విడిపోతాయి. ఐస్‌బర్గ్ పొరలు క్యాబేజీలా ఒకదాన్నొకటి పట్టుకుని, వాటి మధ్య డ్రెస్సింగ్ దిగడానికి సందులు వదులుతాయి. దానికి తగిన డ్రెస్సింగ్ చేయాలన్న శ్రద్ధ నాకు కలిగింది ఈ ఆకు మీద గౌరవంతోనే.

నీరు చేరే మొదటి చోటు ఆకే. కడిగిన గడ్డను వెంటనే కోసి డ్రెస్సింగ్ పోస్తే పొరల మధ్య దాగిన నీరు పది నిమిషాల్లో బయటికి వచ్చి డ్రెస్సింగ్‌ను మజ్జిగలా మార్చేస్తుంది. మీ పళ్ళెంలో ఊరిన నీటిలో సగం ఇదేనని నా అంచనా. పైనున్న రెండు మూడు ఆకులు తీసేసి, మొదలు చివర నల్లబడిన భాగాన్ని పలుచగా చెక్కి, మిగిలిన మొదలును మాత్రం అలాగే ఉంచి నిలువునా కోయాలి. మొదలు తీసేస్తే చీలిక నిలబడదు. ఆ చీలికలను మంచునీళ్ళలో 10 నిమిషాలు ఉంచి, తీసి, కోసిన ముఖాలు కిందికి ఉండేలా జల్లెడ గిన్నెలో 15 నిమిషాలు వదిలేయండి. తరువాత పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కనీసం ఒక గంట పెట్టండి. గంట తరువాత గుడ్డ విప్పి చూస్తే అది ఎంత తడిసిందో మీకే తెలుస్తుంది, ఆ తడి అంతా పళ్ళెంలోకి రావలసినదే. టమాటాలకూ ఇదే శ్రద్ధ అవసరం. సగానికి కోసి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాలు జల్లెడలో ఉంచి, ఊరిన రసం పారబోయకుండా చారులోనో పప్పులోనో కలిపేసుకోండి.

రెండో చోటు బటర్‌మిల్క్. మన వాళ్ళలో చాలామంది తడబడేది ఇక్కడే, నేనూ తడబడ్డాను. అమెరికా వచ్చిన మొదటి సంవత్సరం, పనిలో ఇంకా చేరకముందు, ఇంట్లో రాంచ్ డ్రెస్సింగ్ (మయొనైజ్, బటర్‌మిల్క్, ఆకులతో చేసేది) చేద్దామని ఒక పుస్తకం ముందు పెట్టుకున్నాను. అందులో అరకప్పు బటర్‌మిల్క్ అని ఉంది. బటర్‌మిల్క్ అంటే మజ్జిగే కదా అనుకుని, పెరుగులో నీళ్ళు పోసి, అమ్మ చిలికినట్టే కవ్వంతో చిలికి, అరకప్పు కొలిచి పోశాను. గిన్నెలో ఉన్నది చూస్తుండగానే పలుచబడిపోయింది, ఎంత మయొనైజ్ కలిపినా మళ్ళీ చిక్కబడలేదు. అమెరికా అంగళ్ళలో బటర్‌మిల్క్ పేరుతో అమ్మేది వెన్న తీయగా మిగిలిన మజ్జిగ కాదు; తక్కువ వెన్న ఉన్న పాలకు తోడు వేసి పులియబెట్టినది. సీసా వంచితే ధారగా కాకుండా ముద్దగా జారుతుంది, దాదాపు మన పలుచని పెరుగంత చిక్కగా ఉంటుంది. ఇంట్లో పెరుగు చిలికి వాడాలనుకుంటే నీళ్ళు చుక్క కూడా కలపకండి, పెరుగును మాత్రమే గిలక్కొట్టి మెత్తగా చేసి వాడండి. మీరు డాలస్‌లో ఉన్నారు కాబట్టి అంగట్లో సీసాయే కొనుక్కోవచ్చు, కానీ కొలత చూసి మొత్తం ఒకేసారి పోయకుండా చెంచా చెంచాగా కలుపుకోవాలి.

మూడో చోటు పెరుగు లేదా సోర్ క్రీమ్ (పులియబెట్టిన చిక్కటి మీగడ) మీద తేలిన తేట. అమెరికాలో సోర్ క్రీమ్ అని అమ్మాలంటే అందులో కనీసం 18 శాతం పాల కొవ్వు ఉండాలన్నది నిబంధన. ఆ కొవ్వే డ్రెస్సింగ్‌ను నిలబెడుతుంది. కొవ్వు తగ్గించిన రకాలలోనూ తీసేసిన రకాలలోనూ ఆ లోటు పూడ్చడానికి పిండి పదార్థాలో జిగురులో కలుపుతారు. నిమ్మరసం, వెనిగర్, ఉప్పు పడిన తరువాత అవి చాలాసార్లు తేట వదులుతాయి. మీరు వాడినది తక్కువ కొవ్వు రకమైతే దాన్ని మార్చండి. ఏ రకమైనా సరే, డబ్బా మూత తీసినప్పుడు పైన తేలిన తేటను కలిపేయకుండా వంపేసి ఆ తరువాత కొలవండి.

ఇక బ్లూ చీజ్ డ్రెస్సింగ్ కొలతలకు వస్తాను. ఒక ఐస్‌బర్గ్ గడ్డకు, అంటే నాలుగు చీలికలకు, 115 గ్రాముల బ్లూ చీజ్, అరకప్పు మయొనైజ్, అరకప్పు సోర్ క్రీమ్, రెండు నుంచి నాలుగు టేబుల్‌స్పూన్ల బటర్‌మిల్క్, రెండు టీస్పూన్ల నిమ్మరసం, ఒక టీస్పూన్ వెనిగర్, ఒక చిన్న వెల్లుల్లి రెబ్బ, అర టీస్పూన్ అప్పుడే దంచిన మిరియాలు చాలు. కప్పు అంటే ఇక్కడ 240 మిల్లీలీటర్లు. ఉప్పును కొలతలో చెప్పడం లేదు, ఎందుకంటే బ్లూ చీజ్‌లో ఇప్పటికే చాలా ఉప్పు ఉంటుంది, పైన బేకన్ వేస్తే దాని ఉప్పు అదనం. డ్రెస్సింగ్ నానిన తరువాత ఆకు ముక్కను అందులో ముంచి తిని చూసి, అవసరమైతేనే వేయండి.

చీజ్‌ను కలిపే తీరులోనే ఈ డ్రెస్సింగ్ అందం ఉంది. నేను పనిలో చేరిన కొత్తలో తొందరపడి చీజ్ మొత్తాన్ని మిక్సీలో వేసి తిప్పేశాను. నీలి మరకలన్నీ తెల్లదనంలో కరిగి గిన్నె నిండా బూడిద రంగు ముద్ద తయారైంది, తింటుంటే ఒక్క పలుకు కూడా నాలుకకు తగల్లేదు. ఆ రోజు మా పెద్ద వంటాయన ఆ గిన్నెను పక్కన పెట్టించి, మరో చీజ్ ముక్క నా ముందు ఉంచి, చేయవలసిన తీరు చేతితో చూపించారు. చీజ్‌ను 15 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే వేళ్ళకు అంటుకోకుండా పలుకులుగా విడుతుంది. అందులో సగం గిన్నె అడుగున వేసి, నిమ్మరసం, వెనిగర్, ఒక చెంచా బటర్‌మిల్క్ పోసి, ఫోర్కు వీపుతో గిన్నె గోడకు అదిమి మెత్తటి ముద్ద చేయాలి. ఈ సగం డ్రెస్సింగ్ అంతటికీ రుచినిస్తుంది. అందులో మయొనైజ్, సోర్ క్రీమ్, మిరియాలు వేసి కలిపిన తరువాత మిగిలిన సగాన్ని శెనగగింజ పరిమాణంలో పలుకులుగా వేసి, గరిటెతో రెండు మూడు సార్లు మాత్రమే కింది నుంచి పైకి తిప్పి వదిలేయాలి. ఇక విస్క్ (తీగల కవ్వం) ముట్టకూడదు.

చిక్కదనం చూసుకోవడానికి ఆయన నేర్పిన పరీక్షనే నేను ఈనాటికీ వాడతాను. పెద్ద చెంచాను డ్రెస్సింగ్‌లో ముంచి తీసి, వీపు మీద వేలితో అడ్డంగా ఒక గీత గీసి, చెంచాను నిలువుగా పట్టుకుని మనసులో పది లెక్కపెట్టండి. గీత అంచులు కదలకుండా నిలిస్తే అది వెడ్జ్‌కు పనికొస్తుంది. పైనుంచి డ్రెస్సింగ్ కారి గీతను కప్పేస్తే మరో చెంచా సోర్ క్రీమ్ కావాలి. చెంచాను తిరగేసినా అసలు కదలకపోతే ఒక చెంచా బటర్‌మిల్క్ కావాలి. అయితే ఈ పరీక్షను కలిపిన వెంటనే కాకుండా, ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి తీసిన తరువాత చేయాలి. చల్లబడ్డాక కొవ్వు బిగుసుకుని డ్రెస్సింగ్ బాగా చిక్కబడుతుంది. అప్పుడే కలిపిన దానిని చూసి పలుచగా ఉందని కంగారుపడి మయొనైజ్ గుమ్మరించేవారు మరునాడు కత్తితో కోయవలసినంత గట్టిదనంతో ఇబ్బంది పడతారు.

వెల్లుల్లి ఘాటు మరునాటికి పెరిగిపోయిందని కూడా మీరు రాశారు. వెల్లుల్లి కణాలు నలిగినప్పుడే అందులోని ఎంజైమ్ పనిచేసి ఆ ఘాటును పుట్టిస్తుంది, పులుపు ఆ ఎంజైమ్‌ను అణచివేస్తుంది. కాబట్టి రెబ్బను ముందే దంచి పెట్టుకోకుండా, నిమ్మరసం ఉన్న గిన్నెలోకి నేరుగా తురిమి, పది నిమిషాలు అలాగే ఉంచి తరువాత మిగిలినవి కలపండి. మధ్యలో పచ్చని మొలక ఉంటే తీసేయండి. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట నిలవ ఉంచడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. గాలి తగలని ఆ నూనెలో ప్రాణాంతకమైన బొట్యులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది.

ఇప్పుడు గుడ్డు సంగతి. మయొనైజ్ అంటే నూనెను అతి చిన్న బిందువులుగా విడగొట్టి, కొద్దిపాటి నీటిలో అవి మళ్ళీ కలిసిపోకుండా నిలిపి ఉంచడమే. గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్, ప్రొటీన్లు ఆ బిందువుల చుట్టూ పొరలా చేరి వాటిని విడివిడిగా ఉంచుతాయి. ఒక పచ్చసొన, ఒక టీస్పూన్ ఆవ ముద్ద, ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం కలిపి, 180 మిల్లీలీటర్ల నూనెను మొదట చుక్క చుక్కగా, తరువాత సన్నని ధారగా పోస్తూ గిలక్కొడితే చిక్కని మయొనైజ్ వస్తుంది. అది విరిగిపోతే పారేయకండి. వేరే గిన్నెలో ఒక చెంచా ఆవ ముద్ద వేసి, విరిగిన దాన్ని చెంచా చెంచాగా అందులో పోస్తూ మొదటి నుంచి గిలక్కొడితే మళ్ళీ కూడుకుంటుంది. నూనె ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను బ్లెండర్‌లో తిప్పితే చేదు తేలుతుంది. గానుగ వేరుశెనగ నూనె, నువ్వుల నూనె వాసనలు బ్లూ చీజ్‌తో పోట్లాడతాయి. వాసన లేని రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె మేలు.

పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ముప్పు నిజమైనది. హైదరాబాద్‌లో ఆహారం వికటించిన ఘటనల తరువాత తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్ తయారీ, నిలవ, అమ్మకాలను 2024 అక్టోబర్ 30 నుంచి ఒక ఏడాది పాటు నిషేధించింది. మీరు గుడ్డుతో చేసుకునేటప్పుడు పెంకుతో సహా పాశ్చరైజ్ చేసిన గుడ్లు అమెరికా అంగళ్ళలో దొరుకుతాయి, వాటినే వాడండి. చిన్న పిల్లలకూ గర్భిణులకూ పెద్ద వయసువారికీ పెట్టేటప్పుడు ఇందులో మినహాయింపు ఇవ్వవద్దు. గర్భిణుల విషయంలో బ్లూ చీజ్‌ను కూడా వైద్యులను అడగకుండా పెట్టకపోవడం మంచిది, మెత్తటి బ్లూ చీజ్‌లలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ముప్పు ఉంటుంది.

మీ అత్తమామలకు పాలతో చేసే మయొనైజ్ చక్కగా సరిపోతుంది. బాగా చల్లని చిక్కటి పాలు 80 మిల్లీలీటర్లు, అర టీస్పూన్ ఆవ ముద్ద, చిటికెడు ఉప్పు, ముప్పావు టీస్పూన్ నిమ్మరసం పొడవాటి గ్లాసులో పోసి, హ్యాండ్ బ్లెండర్‌తో అర నిమిషం తిప్పి నురుగు తెప్పించండి. తరువాత బ్లెండర్ ఆపకుండా 180 మిల్లీలీటర్ల నూనెను సన్నని ధారగా పోస్తూ పోతే, మూడు వంతులు పోసేసరికి బ్లెండర్ శబ్దం మారుతుంది, గలగల పోయి బరువుగా మూలుగుతుంది. అదే చిక్కబడుతున్న గుర్తు. మిగిలిన నూనె పోసి ఆపేయండి. ఇక్కడ గుడ్డు చేసే పనిని పాలలోని ప్రొటీన్లు చేస్తాయి. ఇది గుడ్డు మయొనైజ్ కన్నా కొంచెం తేలికగా ఉంటుంది, అందుకని దీనితో డ్రెస్సింగ్ చేసేటప్పుడు బటర్‌మిల్క్‌ను ఒక చెంచాకు మించనివ్వకండి. సీసాలో కొనే ఎగ్‌లెస్ రకాలు కూడా ఉన్నాయి, కానీ వాటిలో చాలావాటికి తీపి ఎక్కువ. అలాంటిది వాడవలసి వస్తే నిమ్మరసాన్ని రెట్టింపు చేయండి.

శాకాహారులకు పెట్టేటప్పుడు గుడ్డుతో పని అయిపోదు, చీజ్‌ను కూడా చూడాలి. పాలను విరగ్గొట్టడానికి కొన్ని చీజ్‌లలో దూడ లేదా గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన రెనెట్ అనే ఎంజైమ్ వాడతారు. ఫ్రాన్స్‌లో గొర్రెపాలతో చేసే రాక్‌ఫర్ట్ ఆ కోవలోదే, ఎంత రుచిగా ఉన్నా అత్తమామల పళ్ళెంలో దానికి చోటు లేదు. అమెరికా చీజ్ పొట్లాల మీద తరచుగా ఎంజైములు అని మాత్రమే రాస్తారు కాబట్టి, వెజిటేరియన్ రెనెట్ అనో మైక్రోబియల్ (సూక్ష్మజీవులతో చేసినది) అనో స్పష్టంగా రాసినదే కొనండి. స్టేక్‌హౌస్‌లలో చాలాచోట్ల డ్రెస్సింగ్‌లో వూస్టర్‌షైర్ సాస్ నాలుగు చుక్కలు వేస్తారు, సంప్రదాయ పద్ధతిలో చేసిన ఆ సాస్‌లో ఆంచోవీ చేపలు ఉంటాయి. దాని బదులు పావు టీస్పూన్ సోయా సాస్, చిన్న చిటికెడు చింతపండు గుజ్జు వేస్తే ఆ లోతు వస్తుంది. వూస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు ఎలాగూ ఉంటుంది కనుక ఈ మార్పు రుచికి ఏమాత్రం పరాయిది కాదు. రెనెట్ పట్టింపు లేనివారి కోసమైతే, చీజ్ రకాల్లో మొదటిసారి తినేవారికి ఘాటు తక్కువగా ఉన్న మెత్తటి గోర్గొంజోలా డోల్చె నయం, అలవాటైన వారికి అయోవా రాష్ట్రంలోని న్యూటన్‌లో 1941 నుంచి చేస్తున్న మేటాగ్ బ్లూ లాంటి, పలుకులుగా విడిపోయే రకం నాకు ఇష్టం. ముందుగానే తురిమి అమ్మే పొట్లాలలో పలుకులు అంటుకోకుండా పొడి కలుపుతారు, అవి డ్రెస్సింగ్‌లో సరిగా మెదగవు. ముక్కగానే కొనండి.

బ్లూ చీజ్ వాసన మీ ఇంట్లో కొందరికి పడదేమోనన్న అనుమానం మీ మాటల్లో కనిపించింది. వారికోసం రాంచ్ చేసి పెట్టండి. స్టీవ్ హెన్సన్ అనే ఆయన అలాస్కాలో పనిచేసిన రోజుల్లో కూలీలకు వంట చేస్తూ దీన్ని రూపొందించి, 1950లలో కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర హిడెన్ వ్యాలీ అనే తన విడిదిలో అతిథులకు పెట్టాడు. ఆ పేరును 1972లో క్లోరాక్స్ సంస్థ 80 లక్షల డాలర్లకు కొన్నది. ఇంట్లో చేయడానికి అరకప్పు మయొనైజ్, అరకప్పు సోర్ క్రీమ్, పావుకప్పు బటర్‌మిల్క్, అర టీస్పూన్ చొప్పున వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఉప్పు, మిరియాలు, ఒక టీస్పూన్ ఎండు డిల్ (సోయకూర), ఒక్కొక్క టేబుల్‌స్పూన్ సన్నగా తరిగిన పార్స్లీ, చైవ్స్ కావాలి. ఇక్కడ పచ్చి వెల్లుల్లి కన్నా పొడే మేలని నా అభిప్రాయం, రాంచ్‌కు ఉండవలసిన మెత్తని రుచి పొడితోనే వస్తుంది. ఎండు ఆకులూ పొడులూ తేమ పీల్చుకుని మెత్తబడడానికి సమయం పడుతుంది కనుక కలిపిన వెంటనే రుచి చూసి ఏమీ లేదని ఉప్పు పెంచకండి. రాత్రి కలిపి మరునాడు వాడండి. పార్స్లీ స్థానంలో కొత్తిమీర వేస్తే బాగానే ఉంటుంది, అయితే అప్పుడు డిల్ మానేయండి. ఆ రెండు వాసనలు ఒకదానినొకటి కప్పేస్తాయి.

థౌజండ్ ఐలండ్ అనే మరో డ్రెస్సింగ్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. న్యూయార్క్ రాష్ట్రానికీ కెనడాలోని అంటారియోకీ మధ్య సెయింట్ లారెన్స్ నదిలో 1,800కు పైగా ఉన్న దీవుల పేరు దీనికి పెట్టారు. ఒక కప్పు మయొనైజ్‌కు మూడు టేబుల్‌స్పూన్ల కెచప్, రెండు టేబుల్‌స్పూన్ల తీపి పికిల్ రెలిష్ (ఊరవేసిన దోసకాయల తరుగు), ఒక టేబుల్‌స్పూన్ సన్నటి ఉల్లి తరుగు, ఒక టీస్పూన్ వెనిగర్ కలిపితే సరి. రెలిష్‌ను, ఉల్లి తరుగును గుడ్డలో వేసి గట్టిగా పిండి ఆ తరువాతే కలపాలి. పిల్లలు దీన్ని ఇష్టంగా తింటారు. నూనె, వెనిగర్ కలిపి చేసే వినెగ్రెట్ మాత్రం వెడ్జ్ మీద పోయకండి. నూనె, వెనిగర్ ఆ నున్నటి ఆకు మీద నిలవవు, ఆవ ముద్ద ఎంత వేసినా సగం పళ్ళెంలోనే మిగులుతుంది.

విజయవాడలో మీ చెల్లెలికి సోర్ క్రీమ్ దొరకడం కష్టమైతే దాన్ని వెతుక్కుంటూ తిరగవలసిన పనిలేదు. గేదె పాలతో తోడుపెట్టిన గడ్డపెరుగు అరకిలో తీసుకుని, పలుచని నూలు గుడ్డలో మూటగట్టి, ఒక గిన్నె మీద వేలాడేలా ఫ్రిజ్‌లో ఐదారు గంటలు ఉంచితే తేట దిగిపోయి సుమారు సగం బరువు మిగులుతుంది. అక్కడి ఎండలకు మూటను బయట వేలాడదీస్తే పులుపు ఎక్కిపోతుంది, కాబట్టి ఫ్రిజ్‌లోనే పెట్టమనండి. అలా దిగిన పెరుగు అరకప్పుకు రెండు చెంచాల మీగడ కలిపి గిలక్కొడితే సోర్ క్రీమ్ కమ్మదనం వస్తుంది. ఈ పెరుగుకు పులుపు ఎక్కువ ఉంటుంది, అందుకని వెనిగర్ పూర్తిగా మానేసి నిమ్మరసం సగానికి తగ్గించాలి. కిందికి దిగిన తేట పారబోయకుండా చపాతీ పిండి కలుపుకోవచ్చు. ఐస్‌బర్గ్ పెద్ద సూపర్ మార్కెట్లలో ఉంటుంది, చేత్తో పట్టుకుంటే బరువుగా, నొక్కితే కొంచెం మాత్రమే లొంగేదాన్ని ఎంచుకోమనండి. బ్లూ చీజ్ కూడా అలాంటి చోటే దొరకాలి, పొట్లం మీద ఆకుపచ్చ చుక్క చూసుకోవాలి. దొరకకపోతే పనీర్‌తో ఆ రుచి తెప్పించే ప్రయత్నం వద్దు, పనీర్‌లో ఆ ఉప్పూ లేదు, ఆ బూజు పరిమళమూ లేదు. ఆ పూటకు రాంచ్ చేసుకోవడమే న్యాయం. డిల్ అక్కర కూడా తీరుతుంది. తెలంగాణ వైపు సోయకూర అని అమ్మే ఆకు అదే.

బేకన్ తినని వారికి పైన ఏం వేయాలన్నది మీరు అడగలేదు గానీ తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న. మెత్తటి ఆకు, మెత్తటి డ్రెస్సింగ్ మధ్య ఉప్పగా కరకరలాడేది ఒకటి ఉండాలి. పుట్టగొడుగులను సన్నగా తరిగి, నూనె, ఉప్పు, పొగ వాసన ఉన్న పాప్రికా పట్టించి, ఓవెన్‌లో 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట వరకు కాల్చితే ముడుచుకుని పెళుసుగా అవుతాయి, నాకు అన్నిటికన్నా అవే నచ్చుతాయి. బిర్యానీకి వేయించే ఉల్లిపాయలు కూడా చక్కగా కుదురుతాయి, అయితే నూనె పూర్తిగా ఓడ్చి వడ్డించే ముందు మాత్రమే చల్లాలి.

నిలవ విషయానికొస్తే, మూత బిగించిన గాజు సీసాలో 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా చల్లగా ఉన్న ఫ్రిజ్‌లో ఈ డ్రెస్సింగులు నాలుగైదు రోజులు బాగుంటాయి. బల్ల మీద రెండు గంటలకు మించి ఉన్నదాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకండి. తినేటప్పుడు సీసాలో నుంచి నేరుగా కాకుండా చిన్న గిన్నెలోకి తీసుకుంటే మిగిలినది పాడవదు.

అత్తమామలు వచ్చిన రోజున పని ఇలా పంచుకోండి. ముందురోజు రాత్రి పాల మయొనైజ్ చేసి, రెండు డ్రెస్సింగులూ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి; బ్లూ చీజ్ పలుకుల సగం మాత్రం మరునాడు కలపడానికి వేరుగా ఉంచండి. ఐస్‌బర్గ్‌ను ముందురోజు కోస్తే కోసిన అంచులు ఎర్రబడతాయి కాబట్టి భోజనానికి రెండు గంటల ముందు కోసి, చల్లబరిచి, గుడ్డలో చుట్టండి. పళ్ళేలను కూడా అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టండి, వెచ్చటి పళ్ళెం తగిలితే అడుగునున్న డ్రెస్సింగ్ ముందుగా కరుగుతుంది. వడ్డించేటప్పుడు చీలికను వెన్ను మీద పడుకోబెట్టి రెండు కోత ముఖాలూ పైకి ఉండేలా పెట్టి, పొరలను వేళ్ళతో కొద్దిగా విడదీసి, చీలికకు మూడు టేబుల్‌స్పూన్ల చొప్పున మొదలు వైపు నుంచి కొస వైపుకు డ్రెస్సింగ్ పోయండి. దాని మీద టమాటాలు, పుట్టగొడుగులు, చైవ్స్, చివరిగా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. అందరూ కూర్చున్న తరువాతే పోయండి, పోసిన పళ్ళెం ఐదు నిమిషాలకు మించి వంటగదిలో ఆగకూడదు.